అద్దంలో అవతలి గట్టు

కొండ మీది తోట
వానలు తెరిపిచ్చిన వారం

అక్కకి,

ఇక్కడ ఫోను పలకదని నీకు తెలుసు. పాలవ్యాను డ్రైవరు వారానికి రెండుసార్లు పట్నం దిగుతాడు. ఉత్తరాలు అతని చేతికే ఇస్తున్నాను, నువ్వూ అతనికే ఇవ్వు. చదవడు గానీ కవరు వాసన చూస్తాడు, లోపల తినేదేమైనా ఉందేమోనని.

విషయం పందులు. మొక్కజొన్న కంకి పాలు పట్టేసరికి ఎక్కణ్ణించి ఊడిపడతాయో తెలియదు. పొద్దు వాలగానే వాగు దాటి వచ్చేస్తాయి. తినేది కొంచెం, తొక్కేది తోటంతా. నాన్న రైఫిలు నాకు ఇచ్చినప్పుడు “వీడికెందుకు, వీడు ఈగను కూడా కొట్టలేడు” అని నువ్వు నవ్వావు గుర్తుందా? నీ నోటి మాటే నిజమైంది. ఎన్నిసార్లు కాల్చానో లెక్కలేదు, ఒక్క పందీ పడలేదు. గొట్టం ముందున్న గురిపుల్ల, వెనకున్న గాడి, అవతల పంది, మూడూ ఒకేసారి కనబడి చావవు. ఒకటి చూస్తే రెండు మసక. మీ మరదలు కళ్లద్దాలు పెట్టించుకోమని పోరుతోంది. ఇప్పట్నుంచే ముసలాడి వేషం ఎందుకని నేను వినలేదు.

తుపాకీ మీద బిగించి దూరపుది దగ్గరగా చూసే స్కోపు ఒకటి సంపాదించాను. పక్క తోట రైతు అంతా అమ్ముకుని వెళ్లిపోతూ నాకిచ్చాడు. పాతదే గానీ అద్దాలు శుభ్రంగా ఉన్నాయి. నాన్న రైఫిలు మీద బిగించిన ఇనప పట్టీ అలాగే ఉంది. దాని మీద స్కోపు నిలబడాలంటే రింగులు కావాలట, వాటిలో బోలెడు రకాలట. నాకు బుర్ర తిరిగిపోయింది. నాన్న తరవాత షాపు నడిపేది నువ్వు. ఏవి కొనాలో నువ్వే చెప్పు.

మా చిట్టి నిన్ను అడుగుతోంది. అత్త షాపులో ఇనప వాసన బాగుంటుందట.

నీ తమ్ముడు


తుపాకుల మరమ్మతు షాపు
మేడ కింది గది

ఒరేయ్ చిన్నోడా,

నీ ముసలాడి వేషం నువ్వు వేసుకోకుండా తుపాకీకి వేస్తున్నావన్నమాట. సరే, చెప్తా విను.

ముందు స్కోపు గొట్టం లావు కొలువు. అంగుళమో, ముప్ఫై మిల్లీమీటర్లో ఉంటుంది. రింగు లోపలి కొలత కచ్చితంగా అంతే ఉండాలి. వదులైతే మధ్యలో కాగితం చుట్టి బిగించే మహానుభావులున్నారు. వాళ్లు నా షాపు మెట్లెక్కకపోతే నాకు పదివేలు.

తరవాత ఎత్తు. స్కోపు ముందు అద్దం తుపాకీ గొట్టానికి తగలకూడదు. మధ్యలో అట్టముక్క దూరే సందుంటే చాలు. గుండు ఎక్కించే బోల్టు పిడి పైకెత్తినప్పుడు స్కోపు వెనక భాగానికి కొట్టుకోకూడదు. ఈ రెండూ చూసుకున్నాక, ఎంత కిందికుంటే అంత మంచిది. ఎత్తైన రింగులు వేస్తే చెంప తుపాకీ కర్ర మీద ఆనదు. కొంగలా మెడ సాచి చూడాల్సొస్తుంది, చూసిన ప్రతిసారీ కన్ను ఒకచోట ఉండదు. రింగు కాళ్లు నాన్న పట్టీ మీద కూర్చోవాలి కాబట్టి పట్టీ వెడల్పు కూడా కొలిచి పంపు. షాపులో నాలుగైదు జతలున్నాయి, సరిపోయేది నేనే పంపిస్తాను.

ఇంకోమాట. స్కోపులో పంది ఎంత పెద్దగా కనబడినా, దాని వెనకాల ఏముందో కనబడదు. కంటిని అద్దం నుంచి తీసి ఒకసారి చూసుకుని అప్పుడు కాల్చు. నాన్న నీకు ఇది నేర్పేలోపు నువ్వు ఆటకి పారిపోయేవాడివి.

మరదలు చెప్పినట్టు కళ్లు చూపించుకో. చిట్టికి నా ముద్దులు.

అక్క


కొండ మీది తోట

అక్కకి,

కొలతలు వెనక పేజీలో రాశాను. గొట్టం అంగుళమే.

దొర చచ్చిపోయాడక్కా.

కుక్కకి ఆ పేరేమిటని నువ్వు వెక్కిరించేదానివి. నిజంగా దొరలాగే బతికాడు, మంచం దిగమంటే దిగేవాడు కాదు. మొన్న సాయంత్రం పందులు వస్తే ఒక దెబ్బ కాల్చాను. ఎప్పటిలాగే తప్పింది. దొర అప్పటికే మొరుగుతూ మొక్కజొన్నలోకి పోయాడు. పిలిచినా రాలేదు. తెల్లారి చూస్తే వాగు గట్టు మీద పడి ఉన్నాడు. డొక్కలో గుండు దెబ్బ.

ఎవరి పనో నాకు తెలుసు. వాగుకు అవతల, కిందుగా, ఒక ముసలాయనా ఆయన భార్యా ఉంటారు. సైన్యంలో చేసి వచ్చాడని అందరూ ‘మిలిటరీ’ అంటారు. ఎండాకాలంలో దొర ఆయన మేకల్ని తరిమాడు. నేను వెళ్లి తప్పయిందన్నాను. “ఇంకోసారి వాగు దాటితే తిరిగి రాదు,” అన్నాడు. గొంతు పెంచలేదు, కళ్లెర్రజేయలేదు. వాన వస్తుందని చెప్పినట్టు చెప్పాడు.

దొరని మామిడిచెట్టు కింద పాతిపెట్టాను. చిట్టికి ఇంకా చెప్పలేదు. మంచం పక్కన గిన్నెలో రోజూ నీళ్లు పోస్తోంది.

రింగులు తొందరగా పంపు. ఒకటి అడగాలి. పైనుంచి కిందికి, వాగు దాటించి కాలిస్తే గుండు ఎటు పోతుంది?

తమ్ముడు


షాపు నుంచి

చిన్నోడా,

దొర సంగతి చదివి చాలాసేపు పని ముట్టుకోలేదు. పాడు ముండాకొడుకు, నా చెప్పు కొరికి పెట్టాడు, అయినా వాడంటే నాకిష్టం. చిట్టికి నిజం చెప్పెయ్. పిల్లలు ఎదురుచూపుని మనకంటే ఎక్కువ మోస్తారు.

రింగులు పంపుతున్నాను, ఎత్తు తక్కువవే. బిగించే ముందు పట్టీ మీద నూనె లేకుండా తుడువు. కింది సగాలు కూర్చోబెట్టి, స్కోపు పెట్టి, పై సగాలు వదులుగా వెయ్యి. కళ్లు మూసుకుని చెంప ఆనించి కళ్లు తెరిస్తే వలయం నిండుగా కనబడాలి. నల్లగా అంచు కనబడితే స్కోపుని ముందుకో వెనక్కో జరుపు. మరీ దగ్గరికి లాక్కోకు, కాల్చాక తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కనుబొమ్మ చీరుతుంది. లోపలి నిలువు గీత, ఎదురుగా దారానికి రాయి కట్టి వేలాడదీస్తే దానితో కలవాలి. మరలు ఒకదాని తరవాత ఒకటి పూర్తిగా బిగించకు. మూలమూలకి మార్చుకుంటూ కొంచెం కొంచెం బిగించు. గట్టిగా ఉండాలని బలం చూపిస్తే స్కోపు గొట్టమే నొక్కుకుపోతుంది.

కిందికి కాలిస్తే ఎటు పోతుందని అడిగావు. పందులు నీ మొక్కజొన్నలోకి వస్తాయి కదా. వాగు అవతల నీకు పనేమిటి?

షాపు కబురు ఒకటి. కిందటి నెల చివర ఒక పెద్దాయన వచ్చాడు. నిటారుగా ఉంటాడు, ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. కూర్చోమంటే “నిలబడే అలవాటమ్మా” అన్నాడు. ఆయనదీ రింగుల పనే. మెడ పొడుగు, చెంప ఎముక పైకుంటుంది, అందుకని ఆయనకి ఒక మెట్టు ఎత్తు రింగులు ఎంచాను. రెండు రింగులూ వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా సానరాయి పిండితో అరగదీసి కూర్చోబెట్టాను. చాలాకాలానికి పనికి తగ్గ మనిషి దొరికాడనిపించింది. “ఏం కొడతారు బాబాయిగారూ?” అన్నాను. “ఇంకా ఏమీ కొట్టలేదమ్మా. స్పష్టంగా కనబడితే చాలు,” అన్నాడు. పోతూపోతూ కొండ కిందినుంచి పైకి గురి చూడటం గురించి అడిగాడు. నవ్వొచ్చింది, ఈ మధ్య అందరికీ కొండలే.

అక్క


కొండ మీది తోట

అక్కా,

రింగులు అందాయి. నువ్వు చెప్పినట్టే బిగించాను. బాగా కూర్చున్నాయి.

ఎడమకాలు ఈడ్చే ఆ పెద్దమనిషి మిలిటరీయే.

నువ్వు వాడికి మెడ పొడుగు కొలిచి మరీ బిగించావు.

వాడి తుపాకీ ఏ రకం? ఎంత దూరానికి సరిచేసుకుంటానన్నాడు? కిందినుంచి పైకి అన్నాడుగా, పైన ఉన్నది నేనొక్కణ్ణే. ఇది నువ్వు నవ్వుతూ రాశావు.

మీ మరదలు చిట్టిని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. నేను పొమ్మనలేదు. సాయంత్రాలు అరుగు మీద తుపాకీ పట్టుకుని కూర్చుంటున్నానని, నాతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుందని వెళ్లింది.

అడిగినవాటికి జవాబు రాయి.

తమ్ముడు


షాపు నుంచి

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. ఆ మనిషెవరో నాకు తెలియదు రా. తెలిస్తే ఆ తుపాకీ నా బల్ల మీదికి వచ్చేది కాదు.

నువ్వు అడిగినవి చెప్పను. ఎవరి తుపాకీ గురించి ఎవరడిగినా నేను చెప్పను, నాన్నా చెప్పలేదు. నీ చేతికి అవి అందితే ఏం చేస్తావో నాకు తెలుసు కాబట్టి అసలే చెప్పను.

నిన్న పోలీసు స్టేషనుకి వెళ్లాను. బల్ల దగ్గరున్నాయన ఓపిగ్గానే విన్నాడు. “మీ తమ్ముడు ఏం చేశాడమ్మా?” అన్నాడు. ఏమీ చెయ్యలేదన్నాను. “ఆ ముసలాయన?” కుక్కని కాల్చాడని మా తమ్ముడి అనుమానం, చూసినవాళ్లు లేరన్నాను. “మరి ఏం రాసుకోమంటారు?” అన్నాడు. తిరిగొచ్చేశాను.

నేనే వచ్చేదాన్ని. ఘాటు దారిలో బండలు పడ్డాయి, వ్యాను సగం దాకే వస్తోందని, మిగతాది నడకేనని డ్రైవరు చెప్పాడు. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు.

నువ్వు ఒక్క పని చెయ్యి. దొరకి తగిలిన గుండు ఒంట్లోనే ఉండిపోయిందా, బయటికి పోయిందా? ఉంటే తీసి పంపు. కష్టమని తెలుసు. అయినా పంపు. అది చూసేదాకా అరుగు మీద కూర్చోకు. నా మీద ఒట్టు.

అక్క


కొండ మీది తోట

అక్కా,

దొరని తవ్వి తీశాను. ఎలా ఉన్నాడో రాయను. గుండు వెన్నెముక పక్కన దొరికింది. కడిగి గుడ్డలో చుట్టి పంపుతున్నాను. చంపిన మనిషి తెలిసినప్పుడు సీసం ముక్కతో ఏం పనో నాకు తెలియదు. నువ్వు ఒట్టు పెట్టావు కాబట్టి చేశాను.

అరుగు మీద కూర్చోకుండా ఉండలేను. లోపల కూర్చుంటే వాడు ఏం చేస్తున్నాడోనని మనసు పీకుతుంది. స్కోపులో వాడి వరండా అరచేతిలో ఉన్నట్టుంది. రెండు కుర్చీలు. ఒకటి ఖాళీ. రెండోదాంట్లో వాడు. ముందు కాఫీ తాగుతాడు, గ్లాసు కింద పెడతాడు, తుడుచుకుని తుపాకీ ఒళ్లోకి తీసుకుంటాడు. నిన్న దాన్ని ఎత్తి భుజానికి ఆనించాడు. నేను ఇటునుంచి చూస్తున్నాను, వాడు అటునుంచి చూస్తున్నాడు. వాడి స్కోపు అద్దం ఒకసారి ఎండకి తళుక్కుమంది. వాడి వేలు ఎక్కడుందో కూడా కనబడింది.

నా వేలు ఎక్కడుందో వాడికీ కనబడి ఉంటుంది.

నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను. ఆ తరవాత ఆగమని అడగకు.

తమ్ముడు


షాపు నుంచి

చిన్నోడా,

డ్రైవరు ఇంజను ఆపకుండా నిలబడి ఉన్నాడు, రాసి ఇచ్చేస్తున్నాను. బండల దగ్గర్నుంచి పరుగున వచ్చి నీ చేతికే ఇస్తానని మాటిచ్చాడు. ఇది నిలబడి చదవకు, కూర్చుని చదువు.

ఈ గుండు మిలిటరీది కాదు. ఆయన తుపాకీ గొట్టం సన్నం, ఈ గుండు అందులో దూరనే దూరదు. ఎవరి తుపాకీ గురించీ చెప్పనన్న మాట తప్పాను. తప్పితే తప్పాను.

తుపాకీ గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి, గుండు మీద వాటి అచ్చు పడుతుంది. దాదాపు అన్ని తుపాకులకీ అది కుడికి తిరుగుతుంది. ఈ గుండు మీద ఎడమకి తిరిగింది. నాన్న రైఫిలుది ఎడమ మెలిక. అది చాలదన్నట్టు, నాన్న రైఫిలు గొట్టం చివర తుప్పు తిన్న గుంట ఒకటుంది, అందులోంచి పోయిన ప్రతి గుండు మీదా సన్నటి గీత పడుతుంది. నాన్న ఇసుక బస్తాలోకి కాల్చి తీసిన గుండొకటి ఇక్కడుంది. రెండూ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూశాను. మళ్లీ చూశాను. పక్క షాపు గడియారాలాయన్ని పిలిచి చూపించాను, నా కళ్లే నన్ను మోసం చేస్తున్నాయేమోనని. అదే గీత.

దొరని కొట్టింది నువ్వే రా. ఆ సాయంత్రం తప్పిందనుకున్న దెబ్బ వాడికి తగిలింది.

ఇది రాస్తుంటే నాకు ఇంకోటి తట్టింది, దానికి ఒళ్లు జలదరించింది. ఎన్నిసార్లు కాల్చావో లెక్కలేదన్నావు. ఒక్క పందికీ తగల్లేదన్నావు. మరి ఆ గుళ్లన్నీ ఎక్కడికి పోయాయి? పందులు వాగు వైపునుంచి వస్తాయి. నువ్వు పైన ఉంటావు. వాటి వెనకాల ఏముంది?

ఆ పెద్దాయన నా దగ్గరికి వచ్చింది దొర చావక ముందు. ఊరికే వచ్చి ఉండడు.

తుపాకీ ముట్టుకోకు. అరుగు మీదికి పోకు. కోపమొస్తే నన్ను తిట్టు.

అక్క


కొండ మీది తోట

అక్కకి,

డ్రైవరు రొప్పుకుంటూ వచ్చి నీ ఉత్తరం ఇచ్చినప్పుడు తుపాకీ నా ఒళ్లోనే ఉంది. నిజం చెప్తున్నాను, మొదట నిన్ను తిట్టాను. మిలిటరీ నీకు బాబాయిగారయ్యాడని, వాడి వైపు మాట్లాడుతున్నావని. డ్రైవరు చెంబెడు నీళ్లు తాగి, “ఏమన్నా చెడ్డ కబురా అన్నా?” అన్నాడు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

బోల్టు తీసి ఇంట్లో పెట్టి, ఖాళీ చేతులతో వాగులోకి దిగాను. పట్టపగలు. చేతులు పక్కలకి చాపి నడిచాను. గట్టెక్కేటప్పుడు తల ఎత్తి చూశాను. ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు, తుపాకీ భుజానికి ఉంది. ఆగమనలేదు. రమ్మనలేదు. మెట్ల దాకా వెళ్లేసరికి చొక్కా మొత్తం తడిసిపోయింది.

నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. కుక్క సంగతీ చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారీ అడ్డురాలేదు. నేను ముగించాక ఖాళీ కుర్చీని చేత్తో నా వైపు తిప్పాడు.

వీపు ఆనించే చెక్కలో, సరిగ్గా మధ్యలో, చిల్లు.

“ఆవిడ పొయ్యి మీద నీళ్లు చూడ్డానికి లేచి లోపలికి వెళ్లింది,” అన్నాడు. “అప్పుడు తగిలింది. అంతకుముందు గోడకి రెండు తగిలాయి. పొరపాటేమో అనుకున్నాను. కుర్చీకి తగిలాక అనుకోలేదు.”

“పందులండీ. నేను పందుల్ని కొడుతున్నాననుకున్నాను.”

“మీ పక్క రైతు తోట అమ్ముకుని పోయాడు. వాణ్ణీ మీరే ఇలా తరిమారనుకున్నాం. తరవాత వంతు మాదనుకున్నాం.”

ఆయన భార్య కిటికీ వెనక నిలబడి ఉంది. కుర్చీ సంగతి తరవాత ఆవిడ వరండాలోకి రాలేదట. నేను చేతులు జోడించాను. ఆవిడ తెర వేసేసింది.

“నన్ను నమ్ముతున్నారా?” అని అడిగాను.

“మిమ్మల్ని నమ్మాను,” అన్నాడు. “మీ కళ్లనే నమ్మను.”

నా రైఫిలు ఇక ఉండదని చెప్పాను. ఈ ఉత్తరంతో పాటు అది నీకు అందుతుంది, స్కోపు, రింగులు, బోల్టు అన్నీ విడివిడిగా కట్టాను. నువ్వేం చేసుకుంటావో నీ ఇష్టం, నాకు మాత్రం తిరిగి పంపకు. ఆ మాట విని ఆయన తల ఊపాడు. ధైర్యం చేసి, మీరు కూడా స్కోపు విప్పెయ్యరాదా అని అడిగాను.

“విప్పను. మీ అక్కగారు చాలా బాగా బిగించారు.”

కోపంగా అనలేదు. మేకల గురించి చెప్పిన గొంతే.

ఇప్పుడు నేను రోజూ పొలంలోకి వెళ్తున్నాను. దాక్కుంటే ఆయనకి అనుమానం వస్తుందని ఎత్తుగా ఉన్న మడిలోనే పని చేస్తున్నాను. వంగినప్పుడు వీపు మీద ఒకచోట చల్లగా ఉంటుంది. అటు చూడను. పందులు మొక్కజొన్నంతా తిన్నాయి, తిననీ.

మీ మరదలికి అన్నీ రాశాను. శనివారం చిట్టిని తీసుకుని వచ్చేస్తానంది. దారి బాగుపడింది, వ్యాను వాగు అవతలి గట్టు దాకా వస్తుంది. అక్కణ్ణించి ఇంటికి రావాలంటే ఆయన వరండా ముందునుంచే నడవాలి, వేరే దారి లేదు. అందుకని నిన్న మళ్లీ వెళ్లాను. “శనివారం నా భార్యా, కూతురూ వస్తున్నారండీ. పాప చిన్నది. పరిగెడుతుంది,” అని చెప్పాను.

ఆయన ఒళ్లో తుపాకీ గుడ్డతో తుడుస్తున్నాడు. స్కోపు అద్దం మీద ఊదాడు. వేలితో మెల్లగా రాసి, వెలుతురుకి పెట్టి చూశాడు.

“ఎన్ని గంటలకి?” అని అడిగాడు.

ఎందుకని అడగలేదక్కా. చెప్పేసి వచ్చాను.

నీ తమ్ముడు